ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. గోల్‌కీపర్ కాకుండా ఉంటే, ఆట కుదురుగా ఉంటే, ఎంత ముందు ఇస్తే జట్టుకి అంత లాభం. అమెరికా, కెనడాల్లోని ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్ జట్లు మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాళ్లకి ఎనిమిదేళ్ల కాంట్రాక్టులు రాసిచ్చేస్తున్నాయి, ఇది తెలివైన పనేనా, మన హాకీ ఇండియా లీగ్ జట్టు హైదరాబాద్ తూఫాన్స్ కూడా ఇలా చేయొచ్చా అని అడిగారు. తూఫాన్స్ సంగతి చివర్లో చెప్తాను, అది చిన్న జవాబే.

నేను సికింద్రాబాద్‌లో పెరిగాను. కాలేజీ రోజుల్లో మట్టి గ్రౌండ్ల మీద లెఫ్ట్ హాఫ్ ఆడాను. పెద్ద ఆటగాణ్ని కాలేదు గానీ, ఉద్యోగంలో చేరాక మా సంస్థ హాకీ జట్టు ఫైళ్లు చాలాకాలం నా టేబుల్ మీదే ఉండేవి. ఎవరికి స్టైపెండ్ పొడిగించాలి, ఎవర్ని స్పోర్ట్స్ కోటాలో పర్మినెంట్ చేయాలి అన్న నోట్లు నేనే పెట్టేవాణ్ని. ఐస్ హాకీ పిచ్చి మాత్రం టొరంటోలో ఉన్న మా అబ్బాయి అంటించాడు. అక్కడ రాత్రి మ్యాచ్ అంటే మనకి తెల్లవారుజాము. పాల ప్యాకెట్ వచ్చే వేళకి రెండో పీరియడ్ నడుస్తుంటుంది.

ముందు అక్కడి పద్ధతి కొంచెం. పద్దెనిమిదేళ్లకి డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, ఎంపికైన కుర్రాడితో జట్టు మొదట మూడేళ్ల కాంట్రాక్ట్ రాసుకుంటుంది. ఆ జీతానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. అది అయిపోయాక కూడా అతను ఇష్టమొచ్చిన జట్టుకి పోలేడు. 27 ఏళ్లు రావాలి, లేదా ఏడు సీజన్లు ఆడి ఉండాలి. మధ్యలో వచ్చే రెండో కాంట్రాక్ట్ దగ్గరే పేచీ అంతా. రెండు మూడేళ్లకి రాసుకుని చూద్దాం అనొచ్చు, దాన్ని బ్రిడ్జ్ డీల్ అంటారు. లేదా ఒక్కసారే ఎనిమిదేళ్లకి కట్టేసుకోవచ్చు. 2026 సెప్టెంబర్‌ నుంచి అమలయ్యే కొత్త ఒప్పందంలో ఆ ఎనిమిది ఏడుకి తగ్గుతుంది.

ఇక డబ్బు. ప్రతి జట్టూ ఆటగాళ్లందరి జీతాల కింద ఇంతకు మించి పెట్టకూడదని లీగ్ ఒక పరిమితి పెడుతుంది. దాన్నే సాలరీ క్యాప్ అంటారు. కోవిడ్ దెబ్బకి అది 2021-22 వరకు వరసగా మూడు సీజన్లు 81.5 మిలియన్ డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2025-26కి 95.5 అయింది. 2026-27కి 104, ఆ తర్వాతి సీజన్‌కి 113.5 అని లీగ్ ముందే ప్రకటించింది. క్యాప్ ఇలా పెరుగుతుంటే ఇవాళ ఖరీదుగా కనబడిన జీతం నాలుగేళ్లు తిరిగేసరికి చవకైపోతుంది.

జాక్ హ్యూస్‌ని చూడండి. న్యూజెర్సీ డెవిల్స్ 2021 నవంబర్‌లో అతనితో ఏడాదికి 8 మిలియన్ల చొప్పున ఎనిమిదేళ్లకి సంతకం చేయించారు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. మొదటి సీజన్‌లో 61 మ్యాచ్‌లకి 21 పాయింట్లు (గోల్ కొట్టినా, గోల్‌కి పాస్ ఇచ్చినా ఒక్కో పాయింట్), రెండోదాంట్లో 56 మ్యాచ్‌లకి 31. భుజం గాయం వల్ల ఆ ఏడు అప్పటికి ఆడినవి రెండే మ్యాచ్‌లు. ఈ లెక్కలు చూసి ఎవరైనా 64 మిలియన్లు దండగ అనే అంటారు. 2022-23లో అదే కుర్రాడు 99 పాయింట్లు చేశాడు. ఆ సీజన్లో అతని జీతం క్యాప్‌లో 9.7 శాతం. 2026-27కి వచ్చేసరికి అదే జీతం 7.7 శాతం. భుజం గాయం నుంచి అప్పుడే కోలుకుంటున్న ఇరవై ఏళ్ల వాడి ముందు అంత మొత్తం పెడితే ఎంతమంది కాదనగలరు? రేపు ఏమవుతుందో అన్న వాడి భయాన్ని జట్టు చవగ్గా కొనుక్కుంటుంది. కొంచెం కఠినంగా ఉన్నా వ్యాపారం అదే.

కొలరాడో కథ ఇంకా పాతది. 2016లో నేథన్ మెకినన్‌తో ఏడాదికి 6.3 మిలియన్ల చొప్పున ఏడేళ్లకి రాసుకున్నారు. అంతకుముందు సీజన్‌లో అతను చేసింది 52 పాయింట్లు. 2017-18లో 97 చేశాడు. మిగిలిన డబ్బు మిగతా ఆటగాళ్ల మీద పెట్టుకుని 2022లో లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచారు. ఆ తర్వాత అతని రేటు 12.6 మిలియన్లు, సరిగ్గా రెట్టింపు.

అంత డబ్బు ముందే ఖాయమైతే వాడు ఇక కష్టపడడు కదా అని అందరూ అనేమాట ఒకటుంది. ఈ మాట మా ఆఫీసులోనూ ప్రతి ఏడూ విన్నాను. కానీ గ్రౌండ్‌లో నాకు కనబడింది వేరు.

మా స్టైపెండ్లు ఏడాదికోసారి పొడిగించేవాళ్లం. మార్చిలో కమిటీ కూర్చునేది. అందుకని ఫిబ్రవరి మ్యాచ్‌లు చూడ్డానికి వెళ్తే ఒళ్లు మండేది. డిసెంబర్‌దాకా చక్కగా కలిసి ఆడిన కుర్రాళ్లు ఫిబ్రవరి రాగానే బంతి వదిలేవాళ్లు కాదు. కుడి పక్కన రైట్ ఇన్ ఖాళీగా నిలబడి అరుస్తుంటే, సెంటర్ ఫార్వర్డ్ ఇద్దరు డిఫెండర్ల మధ్యకి పోయి తనే కొట్టి బయటికి పంపేవాడు. పెనాల్టీ కార్నర్ వస్తే హిట్ నేను కొడతానంటే నేను కొడతానని డి అంచున గొడవ. ఒకసారి ఓ కుర్రాణ్ని పక్కకి పిలిచి, పాస్ ఎందుకివ్వలేదురా అని అడిగాను. "సార్, మీ షీట్‌లో గోల్స్ కాలమ్ ఉంది. పాస్‌ల కాలమ్ లేదు కదా" అన్నాడు. ఆ షీట్ టైప్ చేయించింది నేనే, ఏమంటాను? ఒక ఫుల్‌బ్యాక్ అయితే మడమ వాచినా సాక్స్ కింద క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని కమిటీ అయ్యేదాకా ఆడాడు. ఫిజియోకి చెప్తే ఫైల్లో ఎక్కుతుందని భయం.

పర్మినెంట్ ఆర్డర్ చేతికొచ్చాక అదే కుర్రాళ్లు మామూలుగా ఆడేవాళ్లు. నొప్పి ఉంటే నొప్పి ఉందని చెప్పేవాళ్లు. ఖాళీగా ఉన్నవాడికి బంతి ఇచ్చేవాళ్లు. ఆర్డర్ వచ్చాక పొట్ట పెంచినవాళ్లు లేరని అనను. ఉన్నారు. కాకపోతే వాళ్లు స్టైపెండ్ రోజుల్లో కూడా వార్మప్‌కి అందరికన్నా చివర వచ్చేవాళ్లే. కాంట్రాక్ట్ వాళ్లని పాడుచేయలేదు, మనమే చూసీ చూడనట్టు ఫైల్ పంపాం.

పెద్ద కాంట్రాక్ట్ వాయిదా వేస్తే ఇంకో చిక్కుంది. 2024 ఆగస్టులో ఎడ్మంటన్ ఆయిలర్స్‌కి ఏమైందో చూడండి. జూన్‌లో ఫైనల్ ఏడో మ్యాచ్‌దాకా వెళ్లి ఓడిన జట్టది. ఫిలిప్ బ్రోబెర్గ్, డిలన్ హాలోవే అనే ఇద్దరు కుర్రాళ్ల మొదటి కాంట్రాక్టులు అయిపోయాయి, కొత్తవి రాయలేదు. ఆ వేసవిలో బయటి ఆటగాళ్లని తెచ్చుకోవడంతో క్యాప్‌లో చోటు బిగుసుకుపోయింది. సెయింట్ లూయిస్ బ్లూస్ ఇద్దరికీ ఒకే రోజు ఆఫర్ షీట్లు పంపింది, అంటే పాత జట్టు వదులుకుంటే మేం ఇంత ఇస్తాం అన్న కాంట్రాక్టులు. అంతే జీతం ఇచ్చి ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్నది ఏడు రోజుల్లో తేల్చుకోవాలి. వదులుకున్నారు. బదులుగా దక్కినవి ఒక రెండో రౌండ్, ఒక మూడో రౌండ్ డ్రాఫ్ట్ పిక్. చూద్దాంలే అని ఆగితే ఇంకొకడు చూసుకుని ఎత్తుకుపోతాడు.

ఎవరికి ఇవ్వకూడదో కూడా చెప్పాలి. గోల్‌కీపర్లకి వద్దు. వాళ్ల ఆట కుదురుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది, తుంటి, మోకాలు ఎప్పుడు మొరాయిస్తాయో తెలియదు. న్యూయార్క్ ఐలాండర్స్ 2006లో 24 ఏళ్ల రిక్ డిపియెట్రోకి ఏకంగా పదిహేనేళ్లు, 67.5 మిలియన్లు రాసిచ్చారు. గాయాలతో సగం కూడా నడవలేదు. 2013లో బైఅవుట్ చేసి, అంటే మిగిలిన జీతంలో కొంత కట్టి కాంట్రాక్ట్ రద్దు చేసుకుని, 2029 దాకా ఏటా 1.5 మిలియన్లు కట్టేలా తేల్చుకున్నారు. అప్పట్లో ఎన్నేళ్లన్న పరిమితే లేదు, ఇప్పుడు అంత పిచ్చిపని కుదరదు.

ఒక్క సీజన్‌లో గోల్స్ కుప్పపోసిన ఫార్వర్డ్‌కి కూడా తొందరపడొద్దు. ఈ లీగ్‌లో గోల్‌ మీదికి వెళ్లిన షాట్లలో సుమారు పదింటికి ఒకటి గోల్ అవుతుంది. ఎవడికైనా ఐదింటికొకటి పడుతోందంటే అందులో అదృష్టం పాలెంతో చూసుకోవాలి. నేనైతే గోల్స్ కన్నా ఇంకోటి చూస్తాను. ఒక గోల్ ఆధిక్యంలో ఉండగా చివరి రెండు నిమిషాల్లో కోచ్ వాణ్ని ఐస్ మీద ఉంచుతున్నాడా, బెంచ్ మీద కూర్చోబెడుతున్నాడా? రోజూ దగ్గరుండి చూసే కోచ్‌కి నమ్మకం కుదిరిందో లేదో అక్కడ తెలిసిపోతుంది.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది బైఅవుట్ నిబంధన. ఆటగాడికి 26 నిండకముందు వదిలించుకుంటే మిగిలిన జీతంలో మూడో వంతు కడితే చాలు, ఆ వయసు దాటితే మూడింట రెండు వంతులు. అంటే ఇరవై ఏళ్లవాడితో రాసుకున్నది బెడిసికొట్టినా జట్టుకి చాలాకాలం చవకైన దారి ఉంటుంది. అదే ఎనిమిదేళ్లు 28 ఏళ్లవాడికి ఇస్తే 36 వచ్చేదాకా మొయ్యాల్సిందే. కుర్రాళ్లకి వద్దని, పెద్దవాళ్లకి ఇవ్వడమే నాకు అర్థంకాని లెక్క.

ఇదంతా జట్టు వైపు నుంచి. కుర్రాడి వైపునుంచి అడిగితే ఆస్టన్ మాథ్యూస్‌ని చూపిస్తాను. 2019లో టొరంటోతో ఐదేళ్లకే రాసుకుని, అది అయ్యాక ఏడాదికి 13.25 మిలియన్లకి వెళ్లాడు. కాకపోతే అంత గుండె ధైర్యం అందరికీ ఉండదు. మా ఆఫీసుకి వచ్చే తండ్రులు అడిగేది ఒక్కటే: "ఆట ఎట్లనన్న ఉండని సార్, నౌకరి పక్కా అయితదా?"

తూఫాన్స్ విషయంలో ఈ ప్రశ్నకి పెద్దగా తావు లేదు. హాకీ ఇండియా లీగ్ 2024-25 సీజన్ డిసెంబర్ చివర్లో మొదలై ఫిబ్రవరి 1న ముగిసింది, గట్టిగా ఐదు వారాలు. రూర్కెలాలో జరిగిన ఫైనల్లో మనవాళ్లు బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4తో ఓడారు. ఆ సీజన్ వేలంలో ఒక్కో జట్టు పర్సు 4 కోట్లు. అందులో జర్మనీ ఆటగాడు గొంజాలో పెయ్యాట్ కోసమే తూఫాన్స్ 68 లక్షలు పెట్టారు. ఐదు వారాల లీగ్ జీతంతో మన కుర్రాడి ఏడాది గడవదు. మిగతా పదకొండు నెలలు వాణ్ని నిలబెట్టేది రైల్వేసో, పోలీసో, ఏ చమురు కంపెనీయో ఇచ్చే ఉద్యోగం. మన దగ్గర దీర్ఘకాలిక కాంట్రాక్ట్ అంటే అదే. అది ఇవ్వాల్సింది కూడా ఫ్రాంచైజీ కాదు, ఆ సంస్థలే. ఇచ్చేదేదో పంతొమ్మిది, ఇరవై ఏళ్లకే ఇస్తే ఫిబ్రవరిలో కూడా పాస్‌లు పడతాయి.