కచేరీ లేని రోజుల సంగతి

ప్రశ్న: గురువుగారూ, మా అమ్మాయి వయొలిన్ వాయిస్తుంది. ఒక గాయని, మృదంగం, ఘటంతో కలిసి నలుగురి బృందంగా మార్చి నెలాఖరు నుంచి ఆరు వారాలపాటు అమెరికాలో కచేరీలు చేయడానికి పిలుపు వచ్చింది. అక్కడి జీవితం ఎలా ఉంటుందో, ముందుగా ఏమేమి మాట్లాడుకోవాలో చెప్పగలరా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతున్న త్యాగరాజ ఆరాధన ఈస్టర్ రోజుల్లోనే వస్తుంది కనుక, చాలా బృందాలు ఆ సమయానికి వెళ్ళి, తర్వాత ఊరూరా తిరుగుతాయి. అక్కడి శ్రోతలు వారమంతా ఉద్యోగాలకు వెళ్ళేవారు. అందువల్ల కచేరీలు దాదాపుగా శని, ఆదివారాల్లోనే ఉంటాయి. ఆరు వారాలంటే పది, పన్నెండు కచేరీలకు మించవు. తక్కిన రోజుల్లో బృందం ఎక్కడ ఉంటుంది, ఎవరు భోజనం పెడతారు, ఎవరు కారులో తీసుకువెళతారు అన్నదే అసలు ప్రశ్న.

సాధారణంగా నిర్వాహకులు హోటలుకు బదులు తమ ఇళ్ళలోనో, స్నేహితుల ఇళ్ళలోనో దించుతారు. వారి ఆదరణకు లోటుండదు. నిజం చెప్పాలంటే అలసట కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. కచేరీ ముగిసి రాత్రి పదకొండింటికి ఇల్లు చేరితే, అప్పటికే నాలుగైదు కుటుంబాలు భోజనానికి ఎదురుచూస్తూ ఉంటాయి. ఆ తర్వాత ఒక పిల్లవాడు తాను నేర్చుకున్న వర్ణం వినిపిస్తాడు, ఫొటోలు దిగుతారు, తెల్లవారి ఎనిమిదింటికి కారెక్కాలి. క్లీవ్‌లాండ్ నుంచి షికాగో సుమారు 550 కిలోమీటర్లు. గడియారం ఒక గంట వెనక్కు జరుగుతుంది కాబట్టి సమయం మిగిలిందనిపిస్తుంది గానీ ఒంటికి ఆ లెక్క తెలియదు. కనుక వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి కావాలని, అమ్మాయికి విడిగా గది ఉండాలని బయలుదేరకముందే బృందనాయకురాలి ద్వారా ఉత్తరంలో రాయించుకోండి. గడప తొక్కిన తర్వాత అడగడానికి మనవాళ్ళకు మొహమాటం అడ్డొస్తుంది. ఆవకాయ సీసాలు మాత్రం కట్టి ఇవ్వకండి; ప్రతి ఇంట్లోనూ మూడేసి రకాలుంటాయి.

ఇక వయొలిన్ సంగతి. చిన్న వాద్యాలను, ఎక్కే సమయానికి పైఅరలో చోటుంటే, క్యాబిన్‌లోకి అనుమతించాలని 2015 నుంచి అమెరికా విమానసంస్థలకు నిబంధన ఉంది. ఆ చోటు దొరకాలంటే ముందు వరుసలో నిలబడి ఎక్కాలి.

ప్రశ్న: ఒకే గాయనితో వెళుతున్నప్పుడు ఒక మృదంగం సరిపోదా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: సరిపోదు. ఒకే శ్రుతికి కట్టినవి రెండు ఉండాలి. నేను మొదటిసారి వెళ్ళినది చలికాలంలో; రాత్రంతా వేడిగాలి వీచే గదిలో మృదంగాన్ని గోడవారగా నిలబెట్టి పడుకున్నాను. తెల్లవారేసరికి పొడిగాలికి కుడివైపు తోలు బిగుసుకుని, శ్రుతి పైకి పోయింది. తొందరలో రాయీ కొయ్యా పట్టుకుని సరిచేయబోతే అంచున చీలింది. తోలు మార్చి కట్టే మనిషి ఆ ఊళ్ళో లేడు. ఆ సాయంత్రం ఒక స్థానిక విద్యార్థి దగ్గర అడిగి తెచ్చుకున్న మృదంగంతో గట్టెక్కాను గాని, అది అరశ్రుతి తక్కువ. పాపం, గాయకుడు నా కోసం దిగి పాడారు. అప్పటి నుంచి వాద్యాన్ని దుప్పటి చుట్టి, వేడిగాలి వచ్చే చోటికి దూరంగా ఉంచుతున్నాను. కచేరీకి రెండు గంటల ముందే వేదిక మీద పెట్టి, ఆ గాలికి అలవాటు పడనిస్తున్నాను. ఎడమవైపు తోలుకు తడిపి పెట్టే రవ్వ ఎక్కడైనా దొరుకుతుంది, దాని గురించి చింత వద్దు.

ప్రశ్న: పారితోషికంలో పన్ను కోస్తారని విన్నాను, నిజమేనా?
– ఒక ఘటవాద్యకారుడు, విజయవాడ

జవాబు: నిజమే. విదేశీ కళాకారులకు ఇచ్చే సొమ్ములో సాధారణంగా 30 శాతం ముందే పట్టుకుంటారు. చెప్పిన మొత్తం ఆ కోతకు ముందుదా, తర్వాతదా అన్నది మొదటే తేల్చుకోండి. సంప్రదాయ కళల ప్రదర్శనకు వెళ్ళే కళాకారులకిచ్చే పీ-3 వీసా కోసం అక్కడి ప్రభుత్వానికి ముందుగా అర్జీ పెట్టేది నిర్వాహకులే కాబట్టి, వారమధ్యంలో చెప్పే పాఠాలు, ఉపన్యాసాలు కూడా కార్యక్రమాల పట్టికలో చేర్చమనండి. పట్టుకున్న పన్నుకు 1042-ఎస్ అనే పత్రం ఇస్తారు. తిరిగి రావలసినది ఏమైనా ఉంటే అడగడానికి అదే ఆధారం కనుక, దాన్ని ఏ చిరునామాకు పంపాలో బయలుదేరే ముందే రాసి ఇచ్చి రండి.