పగడాలు చివరన

పొల్తావా, ఉక్రెయిన్,
మార్చి 20, 2026

చి.ల.సౌ. మేనకోడలికి, అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. చేతుల నిండా నల్లటి దట్టమైన కుట్టుపని ఉన్న చొక్కా, మెడలో ఇత్తడి సిలువల దండ, తలమీద పెద్ద పెద్ద పూల కిరీటం, వీపంతా రిబ్బన్లు. కీవ్‌లో అద్దెకు దొరుకుతోందని, ఈస్టర్‌కు రెషెతిలివ్కాలోని అత్తగారింటికి అవే వేసుకుని వెళ్తానని రాశావు. వద్దు తల్లీ. నువ్వు బయానా ఇవ్వకముందే చేరాలని ఈ ఉత్తరం ఈ రాత్రే రాస్తున్నాను.

ముందు కిరీటం సంగతి. దాన్ని వినోక్ అంటారు. అది పెళ్లికాని పిల్లల అలంకారం. పెళ్లినాడు దాన్ని తీసి పెళ్లికూతురి తలకు రుమాలు కట్టడం ఇక్కడి పాత ఆచారం. మీ పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది కాబట్టి నువ్వు అది చూడలేదు. ఇప్పుడు పట్నాల్లో పెళ్లయినవాళ్లు కూడా వినోక్ పెట్టుకుంటున్నారు, ఎవరూ ఏమీ అనరు. కానీ పండగ ఉదయం ఊరి చర్చి ముందు, ఆశీర్వాదానికి తెచ్చిన తిండి బుట్టలు పట్టుకుని నిలబడే పెద్దవాళ్ల కళ్లు ముందు నీ తలమీదికే వెళ్తాయి. నీకు ఖుస్త్‌కా చాలు, అంటే తలకు కట్టుకునే పెద్ద రుమాలు. జడ అల్లి ముడివేసి, దానిమీద కట్టుకో.

చొక్కా మీది నల్లటి కుట్టు తెర్నోపిల్ ప్రాంతంలోని బోర్ష్‌చివ్ వైపుది. సిలువల దండ కార్పాతియన్ కొండల్లో ఉండే హుత్సుల్ వాళ్లది, దాన్ని జ్గార్దా అంటారు. రెండూ గొప్పవే, నాకూ ఇష్టమే. అయితే నువ్వు కోడలిగా అడుగుపెట్టింది రెషెతిలివ్కాలో. ఆ ఊరి పేరు చెబితే ఇక్కడ అందరికీ గుర్తొచ్చేది తెల్లటి బట్ట మీద తెల్లటి దారంతో చేసే కుట్టు. బట్టలోని పోగులు లాగేసి జల్లెడలా చేసే మెరెజ్కా, చిన్న చిన్న గళ్లు కత్తిరించి అంచులు బిగించే పని, వాటి పక్కనే నున్నగా ఉబ్బెత్తుగా నిండుకుట్టు. దూరం నుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కిటికీ దగ్గర నిలబడి, వెలుగు పక్కనుంచి పడేలా చేయి ఎత్తి చూడు. ఆకులూ కొమ్మలూ తమ నీడలతో పైకి లేస్తాయి. మా అత్తగారు మొదటిసారి అలా చూపించినప్పుడు నాకు నోట మాట రాలేదు.

అందుకని నువ్వు ఫోను చెయ్యాల్సింది అద్దె దుకాణానికి కాదు, మీ అత్తగారికి. పాత పెట్టెలో పండగ బట్టలు ఏమైనా ఉన్నాయా, నేను వేసుకోవచ్చా అని అడుగు. ఆ ఒక్క మాటకు ఆవిడ ఎంత పొంగిపోతారో నాకు తెలుసు. చొక్కా ఒక్కటే దొరికినా ఫరవాలేదు, కింద మామూలు పొడుగు లంగా వేసుకో. నాలుగు ఊళ్ల వస్తువులు నాలుగు వేసుకునేకంటే ఆ ఇంటి చొక్కా ఒక్కటి వేసుకోవడం మేలు.

ఈసారి ఇక్కడ ఈస్టర్ ఏప్రిల్ 12న. మన దేశంలో ఏప్రిల్ 5నే అయిపోతుంది, క్యాలెండరు చూసి పొరపాటు పడకు. గుడ్ ఫ్రైడే నాడు పాతకాలపు వాళ్లు సూది ముట్టరు. ఊడిన కుట్లుంటే బుధవారానికే వేసుకో. గురువారం చొక్కా ఉతుకు. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి సబ్బు. బ్లీచింగ్ జోలికి పోకు. మెలితిప్పి పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తు. తడి ఉండగానే, మందపాటి తువ్వాలు మీద కుట్టుపని కిందివైపుకు తిప్పి ఇస్త్రీ చెయ్యి. పైనుంచి చేస్తే పువ్వులన్నీ అణిగిపోతాయి.

పెట్టెలో ప్లాఖ్తా కూడా ఉంటే నీ అదృష్టం. లంగాలా నడుముకు చుట్టుకునే గళ్ల గళ్ల ఉన్ని బట్ట అది, రెండు పట్టీలు సగం దాకా కలిపి కుట్టి ఉంటాయి. కుట్టిన భాగం వెనక్కి వస్తుంది, విడిగా ఉన్న రెక్కలు రెండు పక్కలా తుంటి మీదికి వాలతాయి. ముందున్న ఖాళీని జపాస్కా అనే వస్త్రం కప్పుతుంది. చీర కట్టిన చేతులకు ఇది కష్టం కాదు, నడుముకు పట్టీ బిగించడంలోనే ఉంది అంతా. చొక్కా అంచు కుట్టు ప్లాఖ్తా కింద రెండు మూడు వేళ్ల మేర కనబడాలి. దాచకు, అది చూపించడానికే కుట్టారు. యుద్ధం మొదలయ్యాక కర్ఫ్యూ వల్ల చాలాచోట్ల బుట్టల ఆశీర్వాదం తెల్లవారాకే జరుగుతోంది, అయినా ఏప్రిల్ ఉదయాలు చలే. చొక్కా లోపల పలచటి ఉన్ని బనియను వేసుకో.

అన్నీ అయ్యాకనే పగడాలు. మన నల్లపూసల మధ్య ఒకటో రెండో పగడాలుంటాయి. ఇక్కడ మెడ నిండా అవే. మంచి పగడాల దండకు జత ఎద్దుల ఖరీదు అని పాతవాళ్లు చెప్పుకునేవారు. అతి పొట్టి పేట గొంతుకు ఆనుకుని ఉండాలి, తర్వాతిది దాని కింద, ఆ తర్వాతిది ఇంకా కింద, ఒకదానిమీద ఒకటి పడకూడదు. అన్నిటినీ మెడ వెనక రిబ్బనుతో ముడివేస్తారు. మీ అత్తగారు దుకాచ్ ఇస్తే అది నడిమధ్య రావాలి. మన కాసుల పేరులో కాసులు వరసగా ఉంటాయి, దుకాచ్ మాత్రం ఒక్కటే పెద్ద బిళ్ల, పైన రిబ్బను ముడిలాంటి లోహపు పువ్వుతో. కట్టుకునేముందు ప్రతి పేటనూ రెండు చేతుల మధ్య మెల్లగా లాగి దారం చూడు. నలిగి ఉంటే కొత్త దారానికి గుచ్చించు. బుట్టలు పట్టుకున్న జనం మధ్య పేట తెగితే పూసలన్నీ దొరకవు.

అత్తరు పూసుకుంటే పగడాలకు ముందే పూసుకో, తర్వాత వద్దు. ఇంటికొచ్చాక వంటింట్లోకి వెళ్లేముందు తీసెయ్యి. నా మొదటి పండగనాడు అవి మెడలో ఉండగానే బీట్‌రూటు, హ్రీన్ కలిపి తురిమాను. హ్రీన్ అంటే ఇక్కడి ఘాటైన వేరు. అందులో వెనిగర్ పోస్తున్నప్పుడు చింది ఒక పూస మీద పడింది. పగడం సున్నపుజాతిది, పులుపు తగిలితే తినేస్తుంది. వెంటనే తుడిచినా మెరుపు తిరిగి రాలేదు. మా అత్తగారు ఒక్క మాటా అనలేదు. అందుకే నాకు ఇప్పటికీ బాధ.

రేపు కొరియర్‌లో ఒక చిన్న డబ్బా పంపుతున్నాను. అందులో నా పగడాల పొట్టి పేట ఒకటి ఉంది. పూసలన్నీ ఒక రంగువే, ఒక్కటి మాత్రం మసకగా ఉంటుంది. అది మెడ వెనక్కి, రిబ్బను ముడి పక్కకు వచ్చేలా కట్టుకో.

నీ అత్త