అమ్మలూ, స్పానిష్ ఎం.ఏ. సంగతి

అమ్మలూ,

స్పానిష్ సాహిత్యంలో ఎం.ఏ. చేస్తానన్నావట, మీ అమ్మ ఫోన్ చేసి ఏడుపు గొంతుతో చెప్పింది. నాకైతే గర్వంగానే ఉంది. టెన్షన్ కూడా ఉంది, ఎందుకంటే నీ సంగతి నాకు తెలుసు: పరీక్షలొస్తే రంగు పెన్నులతో చార్టు గీసి, పుస్తకం వదిలేసి ఆ చార్టే బట్టీ కొడతావు.

చార్టులోకి ఎక్కేవి గైడుల్లో ఎలాగూ దొరుకుతాయి. స్వర్ణయుగం అంటే 16, 17 శతాబ్దాలు. 1554 నాటి 'లాసరిల్యో' అనే పుస్తకంతో పికారెస్క్ నవల (పొట్టకూటికి మోసాలు చేస్తూ తిరిగే పేదవాడి కథ) మొదలు, రాసినవాడు పేరు పెట్టుకోలేదు. బరోక్‌లో, అంటే 17వ శతాబ్దపు ఆడంబర శైలిలో, కవి గొంగోరాది కుల్తెరానిస్మో (అలంకారాలు, కష్టమైన మాటలు), ఇంకో కవి కెవేదోది కొన్సెప్తిస్మో (తక్కువ మాటల్లో చమత్కారమైన ఆలోచన). ఇద్దరికీ పడేది కాదు, ఒకరినొకరు తిట్టుకున్న పద్యాలు చదువు, నవ్వొస్తుంది. 1898లో క్యూబా, ప్యూర్టోరికో, ఫిలిప్పీన్స్ చేజారాక స్పెయిన్ పడ్డ మథనమంతా 98 తరం అనే రచయితల రాతల్లో ఉంటుంది. మోడెర్నిస్మో అనే కొత్తరకం కవిత్వ ఉద్యమం మాత్రం అటువైపు, లాటిన్ అమెరికా నుంచి వచ్చింది, నికరాగువా కవి రుబేన్ దారియో 1888లో చిలీలో 'అసూల్' అనే పుస్తకం వేశాడు, తర్వాత స్పెయిన్ కవులే ఆయన దగ్గర పాఠం నేర్చుకున్నారు. ఏలినవాళ్ళకి వలసదేశపు కుర్రాడు గురువయ్యాడు, నాకు భలే ఇష్టం ఆ ముచ్చట.

నా భయమంతా ఛందస్సు దగ్గర. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి, మంచి చురుకైనవాడు, హోర్హే మన్రీకే అనే కవి తన తండ్రి చనిపోయినప్పుడు రాసిన శోకగీతం 'కోప్లాస్' తీసుకున్నాడు. "నువెస్త్రాస్ విదాస్ సోన్ లోస్ రీయోస్, కే వాన్ ఆ దార్ ఎన్ లా మార్": మన బతుకులు నదులు, పోయి సముద్రంలో కలుస్తాయి. వేళ్ళ మీద లెక్కపెడితే మొదటి పాదం 8, రెండోది 7 వచ్చాయి. దుఃఖంలో కవి పాదం కుంటిందని పేజీలకు పేజీలు రాశాడు, చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. కానీ పాదం కుంటలేదే! స్పానిష్‌లో పాదం ఆఖరి మాటకి ఊనిక (నొక్కి పలకడం) చివరి అక్షరం మీద పడితే లెక్కకి ఒకటి కలపాలి, చివరి నుంచి మూడోదాని మీద పడితే ఒకటి తీసేయాలి. 'మార్'కి ఒకటి కలిపితే ఎనిమిదే. వాడు వెతికిన తేడా నిజానికి ఆ కింది పొట్టి పాదంలో ఉంది, "కే ఎస్ ఎల్ మొరీర్", అదే చావు అని. కే, ఎస్ కలిసిపోతాయి (దాన్నే సినలేఫా అంటారు), చివర ఊనికకి ఒకటి కలిపితే 5, ఉండాల్సింది 4. పై పాదం ఊనికతో ముగిసింది కాబట్టి ఆ ఎక్కువ చెల్లిపోతుంది. వాడు దాన్ని చూడనే లేదు. సెమినార్‌లో ఒకాయన రెండు మాటల్లో కొట్టిపారేశాడు, అందరూ నవ్వారు, ఆ పిల్లాడు మళ్ళీ కవిత్వం జోలికి పోలేదు. నీకలా జరగకూడదు తల్లీ, అందుకే ఇంత సతాయిస్తున్నాను. గట్టిగా చదువు, పక్కగదివాళ్ళు విసుక్కున్నా సరే. సంధి మన చెవికి అలవాటే కాబట్టి సినలేఫా తొందరగానే పట్టుబడుతుంది, గురులఘువులు మాత్రం అక్కడికి మోసుకెళ్ళకు.

1960ల బూమ్, అంటే లాటిన్ అమెరికా నవలలు ప్రపంచమంతా పాకిన కాలం, నీకు ఎలాగూ ఇష్టమే. కనబడ్డ ప్రతి నవల మీదా మ్యాజిక్ రియలిజం (మామూలు బతుకులో వింతలు మామూలుగానే జరిగే రాత) అని ముద్ర కొట్టేయకు, అర్జెంటీనా రచయిత బోర్హెస్ కథలకి ఆ చొక్కా పట్టదు.

హాస్టల్ ఫీజు విషయం మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో దూరకు.

మీ పెద్దమ్మ