రంగులు వచ్చాయి, నల్లగీతలు రాలేదు

ప్రశ్న: అన్నా, మాది కావలి. డీవీడీ ముక్క, చెప్పుల అట్టపెట్టెతో స్పెక్ట్రోగ్రాఫ్ (వెలుగును రంగులుగా విడదీసి ఫొటో తీసే పరికరం) చేశాను. ఫోన్‌లో రంగులు బాగా వస్తున్నాయి కానీ సూర్యకాంతిలో ఉండాల్సిన నల్లగీతలు ఒక్కటీ కనబడటం లేదు. దీంతో నక్షత్రాలను చూడొచ్చా?

జవాబు: తమ్ముడూ, డీవీడీని అనుమానించకు, దాని గాడుల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుకు దాదాపు 1350 గీతలు, ఈ పనికి బాగా సరిపోతుంది. తేడా పెట్టెలోకి వెలుగు వచ్చే చీలికలో ఉంటుంది. అది ఒక మిల్లీమీటరు వెడల్పున్నా పక్కపక్క రంగులు ఒకదాని మీద ఒకటి పడి గీతలు మాసిపోతాయి. కొత్త షేవింగ్ బ్లేడును నిలువునా రెండు చేసి, పదును అంచులు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో కాగితం మందమంత సందు వదిలి అతికించు, వేళ్లు జాగ్రత్త. ఆ సందు డీవీడీ గాడులకు సమాంతరంగా ఉండాలి. మీది సముద్రపు గాలి, బ్లేడు అంచు తుప్పు పట్టినా దుమ్ము పట్టినా రంగుల పొడవునా సన్నటి చారలు వస్తాయి, వాటిని చూసి మోసపోవద్దు. అసలు గీతలు ఆ చారలకు అడ్డంగా నిలబడతాయి.

ఫోన్ ఫోకస్‌ను చీలిక మీద పెట్టి లాక్ చెయ్యి. సూర్యుడి వైపు మాత్రం తిప్పకు, పగటి ఆకాశం లేదా ఎండపడే తెల్లగోడ చాలు. పసుపులో 589 నానోమీటర్ల దగ్గర సోడియం వల్ల వచ్చే నల్లగీత కనబడితే నీ పరికరం పనిచేసినట్టే. మన పక్క గుంటూరులోనే 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణంలో ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్త జాన్సెన్ ఇలా వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌తో సూర్యుణ్ని చూశాడు, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది!

నక్షత్రాలకు ఈ పెట్టె చాలదు, వెలుగు సరిపోదు. టెలిస్కోప్‌కు మిల్లీమీటరుకు 100 గీతల గ్రేటింగ్ (డీవీడీ గాడుల్లా సన్నటి గీతలుండి వెలుగును రంగులుగా విడదీసే పలక) తగిలించు, నక్షత్రం చుక్కే కాబట్టి చీలిక అక్కర్లేదు. ముందు సిరియస్ నక్షత్రాన్ని పట్టు, దాని హైడ్రోజన్ గీతలు చాలా బలంగా ఉంటాయి.