రేసు కారు రెక్కల పిచ్చి ఉంటే ఏ బ్రాంచ్ తీసుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఎప్పుడు చూసినా ఫార్ములా వన్ కార్లకుండే చిన్న చిన్న రెక్కల గురించే మాట్లాడతాడు. ఏరోనాటికల్ తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. ఉద్యోగం దొరుకుతుందా అని మాకు టెన్షన్. – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: టీవీ పిచ్చి అని కొట్టిపారేయకండి. ముందు గర్నీ ఫ్లాప్ గురించి అడిగి చూడండి. రేసు కారు రెక్క విమానం రెక్కను తిరగేసినట్టుంటుంది. కారును పైకి లేపదు, రోడ్డుకు అదుముతుంది. దాని వెనక అంచున నిట్టనిలువుగా బిగించే సన్నని పట్టీయే ఈ ఫ్లాప్. 1971లో అమెరికన్ రేసర్ డాన్ గర్నీ దీన్ని రేసు కారుకు వాడాడు. ఎత్తు సాధారణంగా రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా ఉన్న పొడవులో 1–2 శాతమే. పట్టీ వెనక రెండు చిన్న సుడులు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. దాంతో రెక్క అడుగున పారే గాలి చివరిదాకా అంటుకుని సాగుతుంది, అదిమే బలం పెరుగుతుంది. గాలి నిరోధం కూడా కొంత పెరుగుతుంది, ఆ మేరకు తిన్నని దారిలో వేగం తగ్గుతుంది. ఈ నష్టం సంగతి కూడా మీవాడు అడక్కుండానే చెప్పాడంటే, నా లెక్కలో వాడిది ఉత్త సరదా కాదు.

అయినా నేను మెకానికల్ వైపే మొగ్గుతాను. ముందు చక్రాల వెనక చెదిరే గాలిని పక్కకు మళ్లించే బార్జ్‌బోర్డులను ఫార్ములా వన్ 2022 నిబంధనల్లో తీసేశారు. భాగాలు ఇలా వస్తుంటాయి, పోతుంటాయి. వాటి వెనకున్న ఫ్లూయిడ్ మెకానిక్స్, అంటే గాలి, నీళ్లు ఎలా పారతాయో చెప్పే శాస్త్రం, మెకానికల్‌లోనూ ఉంటుంది. జేఈఈ మెయిన్‌లో ర్యాంకు వస్తే వరంగల్ ఎన్ఐటీ ఇంటి పక్కనే. రాకపోతే ఎప్‌సెట్ ఉంది. కాలేజీకి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ బోర్డులు చూసి వచ్చేయకండి. వర్క్‌షాప్‌లోకి వెళ్లి, ఫార్ములా భారత్ లాంటి పోటీలకు పిల్లలు కట్టిన కారు ఉంటే చూపించమనండి. గాలి ప్రవాహాన్ని లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. బీటెక్ రెండో ఏడాది నుంచి పట్టుకోవచ్చు.

ఉద్యోగం మాటకొస్తే, ఫార్ములా వన్ టీముల్లో ఎక్కువ ఇంగ్లండ్‌లోనే ఉన్నాయి. పోటీ విపరీతం, దాన్నే నమ్ముకోవద్దు. ఇదే సీఎఫ్‌డీ పని, అంటే ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం, మామూలు కార్లకు, టర్బైన్లకు, ఫ్యాన్లకు, బ్యాటరీలు చల్లబరచడానికి కూడా కావాలి. హైదరాబాద్, బెంగళూరు, పుణేల్లో దొరుకుతుంది. మొదటి జీతాన్ని మాత్రం పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయితో పోల్చకండి. విమానాల మీద మోజు అప్పటికీ తగ్గకపోతే గేట్ రాసి ఎంటెక్‌లో ఏరోస్పేస్‌కు మారే వీలుంది.

వెబ్ ఆప్షన్లలో మంచి కాలేజీల మెకానికల్ ముందు పెట్టండి, ఏరోనాటికల్ ఆ తర్వాత.