నియాండర్తల్స్ మనకి పూర్వీకులా, దాయాదులా? ఇండియన్స్ లో కూడా వాళ్ళ డీఎన్ఏ ఉందా?

ఇప్పుడు లేని ఇంకో రకం మనుషులు వాళ్ళు, మనకి దాయాదులేనండి. కాకపోతే ఎప్పుడో విడిపోయిన దాయాదులతో మళ్ళీ వియ్యం అందుకున్నట్టు మధ్యలో కలిశారు, అందుకని కొద్దిగా పూర్వీకులు కూడా. ఇండియన్స్ లో ఉందా అంటే ఉంది, మీలో నాలో కూడా.

నేనుండేది డ్యూసెల్డార్ఫ్ లో, ఐటీ ఉద్యోగం. ఇక్కడ ఎస్28 లోకల్ ట్రైన్ ఎక్కితే నియాండర్తల్ అనే పేరుతోనే ఒక స్టేషన్ ఉంటుంది, దిగి కాస్త నడిస్తే మ్యూజియం. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా కొలోన్ చర్చి చూపించాక నేను తీసుకెళ్ళేది అక్కడికే (టికెట్ కొంటే మా ఆయన లెక్చర్ ఫ్రీ అని మా ఆవిడ ఎగతాళి). అందుకే మీరడిగిన ప్రశ్న నాకు బాగా అలవాటు, దాదాపు అందరూ అదే అడుగుతారు, "అంటే వీళ్ళ నుంచి మనం వచ్చామా?" అని.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుందంటే ఆ బొమ్మ నుంచి. అదే, ముందు కోతి, తర్వాత కొంచెం లేచిన కోతి, తర్వాత గూని మనిషి, చివర నిటారుగా మనం, అందరూ ఒకరి వెనక ఒకరు నడుస్తూ ఉంటారే. ఆ వరసలో మన ముందు ఉన్న గూనివాడు నియాండర్తల్ అని మన బుర్రలో ఫిక్స్ అయిపోయింది. అసలు అక్కడ వరస లేదు. సుమారు 5 నుంచి 7 లక్షల ఏళ్ళ కిందట ఒకే జనాభా రెండుగా చీలింది, ఆఫ్రికాలో ఉన్న పాయ మనమయ్యాం, యూరప్, పశ్చిమాసియా వైపు ఉన్న పాయ వాళ్ళయ్యారు. స్పెయిన్ లో సీమా దె లోస్ వెసోస్ అనే గుహలో దొరికిన 4,30,000 ఏళ్ళ నాటి ఎముకల డీఎన్ఏ చూస్తే అప్పటికే అవి నియాండర్తల్ వైపువి. మన వైపు చూస్తే మొరాకోలో జెబెల్ ఇర్హుద్ దగ్గర దొరికినవి 3 లక్షల ఏళ్ళవి. అంటే ఇద్దరూ ఒకే కాలంలో వేరే వేరే చోట్ల బతికారు, ఒకరు పోయి ఇంకొకరు వచ్చిన కథ కాదు ఇది.

గూని సంగతి కూడా చెప్పాలి. 1908లో ఫ్రాన్స్ లో లా షాపెల్ ఓ సాఁ అనే ఊళ్ళో దాదాపు పూర్తి అస్థిపంజరం దొరికింది, మార్సెల్లిన్ బూల్ అనే పెద్ద సైంటిస్టు దాన్ని చూసి వీళ్ళు మోకాళ్ళు వంచుకుని మెడ ముందుకు చాచి నడిచేవాళ్ళని రాసేశాడు. ఆ అస్థిపంజరం తాలూకు మనిషికేమో కీళ్ళవాతం, పళ్ళు కూడా చాలామటుకు ఊడిపోయాయి. 1957లో ఇద్దరు మళ్ళీ ఆ ఎముకలు చూసి, ఇతనికి స్నానం చేయించి గడ్డం గీసి సూటు తొడిగి న్యూయార్క్ మెట్రోలో కూర్చోబెడితే ఎవరూ పెద్దగా పట్టించుకోరని తేల్చారు. ఇక్కడ మ్యూజియంలో సూటు వేసుకుని రెయిలింగ్ కి ఆనుకుని నిలబడ్డ ఒక బొమ్మ ఉంటుంది, మా చుట్టాలందరూ సెల్ఫీ దిగేది దాంతోనే. మా మామగారైతే ఒక నిమిషం అచ్చం మా ఊరి సర్పంచిలా ఉన్నాడన్నారు, ఎవరిని తిట్టినట్టో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మెదడు సైజు కూడా మనకంటే తక్కువేం కాదు, కొన్ని పుర్రెల్లో ఎక్కువే. పుర్రె ఆకారం వేరు, నుదురు వెనక్కి వాలి కనుబొమల దగ్గర ఎముక ముందుకి పొడుచుకుని ఉంటుంది, గడ్డం ఎముక మనలా బయటికి ఉండదు.

ఇక్కడికి వచ్చేవాళ్ళు అసలు గుహ ఏది అంటారు. లేదండి. 1856లో సున్నపురాయి క్వారీ కూలీలు ఆ గుహ ఖాళీ చేస్తుంటేనే ఎముకలు బయటపడ్డాయి, ఎలుగుబంటివి అనుకున్నారు, ఫూల్రోట్ అనే స్కూల్ టీచర్ చేతికి వెళ్ళాక ఆయన ఇవి మనిషివే, కానీ మనలాంటి మనిషివి కావు అని గుర్తుపట్టాడు. తర్వాత క్వారీ ఆ కొండనే మింగేసింది. అప్పట్లో ఒక ప్రొఫెసరు, ఇది నెపోలియన్ యుద్ధాల టైములో చచ్చిపోయిన రష్యన్ కొసాక్ సైనికుడిది, చిన్నప్పుడు రికెట్స్ వచ్చి ఎముకలు వంగాయి అని కూడా అన్నాడు. 1864లో విలియం కింగ్ వేరే జాతి అని పేరు పెట్టాడు. ఒరిజినల్ ఎముకలు మ్యూజియంలో ఉంటాయనుకుని వచ్చి డిసప్పాయింట్ అవుతారు, అవి బాన్ లో ఉన్న ఇంకో మ్యూజియంలో ఉన్నాయి.

ఇప్పుడు డీఎన్ఏ విషయం. 1997లో స్వాంతె పాబో అనే సైంటిస్టు టీమ్ ఇదే 1856 నాటి ఎముక నుంచి తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ తీసింది, ఇప్పుడు బతికున్న ఎవరి దాంతోనూ అది కలవలేదు. దాంతో చాలామంది మనవాళ్ళూ వాళ్ళూ అసలు జతకట్టలేదు, వాళ్ళు అంతరించారు, మనం వచ్చాం, అయిపోయింది అనుకున్నారు. 2010లో అదే పాబో, క్రొయేషియాలో విందియా గుహ ఎముకల నుంచి మొత్తం జీనోమ్ (అంటే పూర్తి డీఎన్ఏ) డ్రాఫ్ట్ తీస్తే కథ తిరగబడింది, ఆఫ్రికా బయటి వాళ్ళందరిలో వాళ్ళ డీఎన్ఏ ముక్కలు ఉన్నాయి. 2022లో నోబెల్ వచ్చింది ఈ పనికే. ఇప్పటి లెక్కల ప్రకారం అది సుమారు 2 శాతం, ఈ కలయికలు ఎక్కువగా 50,500 నుంచి 43,500 ఏళ్ళ కిందటి మధ్య జరిగాయని 2024లో వచ్చిన పేపర్లు చెప్తున్నాయి. ఆఫ్రికా వాళ్ళలో చాలా తక్కువ ఉంటుంది, అది కూడా బయటికి వెళ్ళి మళ్ళీ వెనక్కి వెళ్ళిన జనాల ద్వారా చేరింది.

మా మామగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఆయన అక్కడే పట్టుకున్నారు. "చింపాంజీతో మనకి 98 శాతం పైన కలుస్తుందంటారు, మరి వీళ్ళతో రెండు శాతమేనా, ఇదేం లెక్క అల్లుడూ?" అని. చాలామందికి ఇక్కడే తికమక. చింపాంజీ లెక్క పోలిక, అంటే రెండు డీఎన్ఏలు పక్కపక్కన పెట్టి ఎన్ని అక్షరాలు ఒకేలా ఉన్నాయో చూడటం, ఆ లెక్కన నియాండర్తల్ తో మనకి 99.7 శాతం కలుస్తుంది. ఈ 2 శాతం వాటా, అంటే మీ డీఎన్ఏలో ఒక్కో ముక్కా ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వెనక్కి వెళ్తూ పోతే అందులో సుమారు 2 శాతం ముక్కలు ఆ 50 వేల ఏళ్ళ దగ్గర నియాండర్తల్ మనిషి దగ్గరికి చేరతాయి. మీ 2 శాతం, నా 2 శాతం ఒకే ముక్కలు కానక్కర్లేదు కూడా. మామగారు ఒప్పుకున్నారు కానీ అయితే రెండింటికీ శాతం అని ఎందుకంటారు, సరిగ్గా చెప్పడం రాదా వీళ్ళకి అని సైంటిస్టులకి చివాట్లు పెట్టారు.

అమెరికాలో ఉన్న మా బావమరిది డీఎన్ఏ కిట్ చేయించుకుని, నాకు నియాండర్తల్ వాటా ఎక్కువ, అందుకే నాకింత కోపం అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మనిషికీ మనిషికీ ఆ తేడా చాలా చిన్నది, దాన్నిబట్టి కోపం, బలం, తెలివి చెప్పేయొచ్చనేది ఉత్త మాట. అలాగని ఆ ముక్కలకి పనేమీ లేదని కూడా కాదు, చర్మం, జుట్టు, రోగనిరోధకత విషయాల్లో వాటి ప్రభావం ఉంది. మనకి దగ్గరగా తగిలింది కోవిడ్ లో. 3వ క్రోమోజోమ్ మీద సుమారు 50 వేల అక్షరాల పొడవున్న ఒక ముక్క ఉన్నవాళ్ళకి కోవిడ్ సీరియస్ అయ్యే రిస్క్ ఎక్కువని, అది నియాండర్తల్స్ నుంచి వచ్చిందని 2020లో పాబో, హ్యూగో జెబెర్గ్ చెప్పారు, దక్షిణాసియాలో సగం మందికి కనీసం ఒక కాపీ ఉంది, యూరప్ లో 16 శాతం మందికే. అప్పుడు మన వాట్సాప్ లో ఇక ఇండియన్స్ పని అయిపోయిందని తెగ తిప్పారు. కానీ 2021లో హైదరాబాద్ సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ, బనారస్ హిందూ యూనివర్సిటీ వాళ్ళు కలిసి చూస్తే దక్షిణాసియా జనాభాలో ఆ ముక్కకీ ఇక్కడి కేసులకీ మరణాలకీ లింకు కనపడలేదు. ఈ రెండో వార్తని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. పైగా 12వ క్రోమోజోమ్ మీద అదే నియాండర్తల్స్ నుంచి వచ్చిన ఇంకో ముక్క సీరియస్ కాకుండా కొంత కాపాడుతుంది.

మరి వాళ్ళెందుకు పోయారు అంటే, దాదాపు 40 వేల ఏళ్ళ కిందటికి కనపడకుండా పోయారు, మనవాళ్ళు చంపేశారు అన్నది వినడానికి బాగుంటుంది కానీ నాకు మాత్రం జనాభా తక్కువ కావడమే పెద్ద కారణం అనిపిస్తుంది. సైబీరియాలో చాగిర్స్కాయా గుహ వాళ్ళ డీఎన్ఏ 2022లో వచ్చింది, ఒక తండ్రి, అతని టీనేజ్ కూతురు కూడా అందులో ఉన్నారు, గుంపుకి 10-20 మంది మించి ఉండకపోవచ్చు, ఆడవాళ్ళు ఎక్కువగా వేరే గుంపుల నుంచి వచ్చినవాళ్ళే. అంత చిన్న గుంపులకి ఒక చెడ్డ చలికాలమో రోగమో చాలు, పక్కన పెద్ద జనాభాతో ఇంకొకళ్ళు వచ్చి అవే జంతువులని వేటాడుతుంటే ఇంకేం మిగులుతుంది. కొందరు మనలోనే కలిసిపోయారు కూడా. రొమేనియాలో ఒయాసె గుహలో దొరికిన మనలాంటి మనిషికి నాలుగు నుంచి ఆరు తరాల వెనకే ఒక నియాండర్తల్ తాతో అవ్వో ఉన్నారు.

ఇండియాలో వాళ్ళు తిరిగారా అంటే, నియాండర్తల్ ఎముక ఇంతవరకు మన దేశంలో దొరకలేదు. ఇటువైపు తెలిసిన చోట్లు ఇరాక్ లో షానిదార్, ఉజ్బెకిస్తాన్ లో తెషిక్ తాష్ లాంటివి. మనలోకి వాళ్ళ డీఎన్ఏ ఇక్కడే చేరాలని లేదు, ఆఫ్రికా నుంచి బయటికొచ్చిన మన పెద్దలు పశ్చిమాసియా ప్రాంతంలో కలిసి, ఆ ముక్కలు మోసుకుంటూ ఇటు వచ్చారనేదే ఎక్కువమంది చెప్పేది. 1982లో నర్మద ఒడ్డున హత్నోరాలో దొరికిన పుర్రె ఉంది కానీ అది ఏ జాతో ఇంకా వాదనలే. మన కర్నూలు వైపు జ్వాలాపురంలో, 74 వేల ఏళ్ళ కిందట పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద కింద, పైన కూడా రాతి పనిముట్లు దొరికాయి. అవి నియాండర్తల్స్ లాంటి వాళ్ళు కాదు, మనలాంటి మనుషులు చేసినవే అని తవ్విన టీమ్ వాదన, ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు. పక్కన ఒక్క మనిషి ఎముకైనా దొరికితే గానీ ఆ గొడవ తేలదు.