బర్ట్ లాంకాస్టర్ వయసు మీద పడ్డాక చేసిన సినిమాల్లో ఏవి చూడాలి?

60 దాటాక హాలీవుడ్ నటుడు లాంకాస్టర్ చేసినవి చూడదగ్గవేనా, లేక పాత పేరు మీదే నెట్టుకొచ్చాడా అని అడిగారు. నన్నడిగితే ఆయనలోని అసలు నటుడు కనిపించేది ఆ సినిమాల్లోనే. కుర్రతనంలో సర్కస్‌లో పల్టీలు కొట్టిన మనిషి కదా, 1950ల సినిమాల్లో ఆ ఒడ్డూ పొడుగూ, పళ్లన్నీ కనబడే ఆ నవ్వూ సగం పని చేసిపెట్టేవి. ముసలితనంలో వాటి మీద ఆధారపడటం మానేసి, చేతిలోంచి అన్నీ జారిపోతున్న మనుషుల పాత్రలు ఒప్పుకున్నాడు.

ముందు 'అట్లాంటిక్ సిటీ' (1980) చూడండి. లూయీ మాల్ డైరెక్టర్. ఇందులో ఆయన లూ అనే చిల్లర బెట్టింగుల మనిషి, ఒకప్పుడు పెద్ద గ్యాంగ్‌స్టర్‌నని చెప్పుకుంటూ ఉంటాడు, నిజానికి అప్పుడూ పెద్దగా ఏమీ కాదు. పక్కింటి కిటికీలో సుసాన్ శరాండన్ చేపల వాసన పోవడానికి చేతులకు నిమ్మకాయ రుద్దుకుంటుంటే, చీకట్లో నిలబడి చూస్తుంటాడు. డైలాగ్ లేదు, ముఖం కూడా పెద్దగా కదలదు. తర్వాత ఆ అమ్మాయి మీదికొచ్చిన ఇద్దరు రౌడీలను కాల్చేస్తాడు, కాల్చాక భయపడాల్సింది పోయి సంతోషం పట్టలేక ఊగిపోతాడు, జీవితంలో మొదటిసారి తను చెప్పుకున్న మనిషి తనే అయ్యాడని. మా నాన్నగారు రిటైరైన కొత్తలో ఇద్దరం కలిసి చూశాం. ఇంగ్లీషు సినిమాలంటే ఆయనకు అంత ఆసక్తి లేదు, అయినా ఆ ఘట్టం మళ్లీ పెట్టమన్నారు. దీనికి లాంకాస్టర్‌కు బ్రిటన్ వాళ్ల బాఫ్టా అవార్డు వచ్చింది, ఆస్కార్‌కు నామినేషన్ వచ్చింది గానీ ఆ ఏడు హెన్రీ ఫోండాకు ఇచ్చారు. ఫోండా అంటే గౌరవమే, కానీ ఆ ఏడు అది లాంకాస్టర్‌కే రావాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత 'లోకల్ హీరో' (1983). హ్యూస్టన్‌లో ఆయిల్ కంపెనీ యజమాని, స్కాట్లండ్‌లో ఒక ఊరు మొత్తం కొనమని మనిషిని పంపి, ఫోన్‌లో మాత్రం ఆకాశంలో ఏం కనిపిస్తోందని అడుగుతుంటాడు. పాత్ర చిన్నదే, కానీ సినిమా అంతా ఆయన ఉన్నట్టే ఉంటుంది.

'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్' (1989) ఆయన థియేటర్లకు చేసిన చివరి సినిమా. కుర్రాడిగా బేస్‌బాల్ ఆడుతున్న మూన్‌లైట్ గ్రాహమ్, గొంతులో తిండి అడ్డుపడ్డ పాపను బతికించడానికి ఆ మాయా మైదానం గీత దాటి ముసలి డాక్టర్‌గా మారిపోతాడు, ఇక వెనక్కి వెళ్లి ఆడలేడు. ఆ ముసలి డాక్టరే లాంకాస్టర్. దాని గురించి ఒక్క ముక్క బాధపడడు. 1990 నవంబర్‌లో పక్షవాతం వచ్చింది, అంతటితో నటన ఆగిపోయింది, 1994లో పోయాడు.

ఇవి నచ్చితే అప్పుడు కాస్త వెనక్కి వెళ్లి ఇటలీ దర్శకుడు విస్కాంటి తీసిన 'ద లెపర్డ్' (1963) చూడండి, 50 ఏళ్లు రాకముందే ముసలితనాన్ని ఎంత బాగా పట్టుకున్నాడో తెలుస్తుంది. ఇటాలియన్ ప్రింటులో గొంతు ఆయనది కాదు, డబ్బింగ్. ఇంగ్లీషు ప్రింటులో సొంత గొంతే, కానీ సినిమాను కత్తిరించేశారు. మొదటిసారికి ఇటాలియన్‌దే చూడండి, చివర్లో వచ్చే ఆ పొడవాటి డాన్సు పార్టీలో ఆయన ఎలాగూ మాటలతో నటించడు.